ఒడయుడు లేని వలలు

2024 సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరదతో పొంగి, ఇటు బుడమేరు తెగి విజయవాడలో అనేక పేటలు నీట మునిగియున్న సమయమున, ఎగువనుండి కట్లు తెంచుకొని వచ్చిన పెద్ద ఇనుప పడవలు ప్రకాశం బ్యారేజి గేట్ల కాంక్రీటు దిమ్మెలను ఢీకొని, అచ్చటనే అడ్డుపడి మునిగిన సంగతి ఈ ప్రాంతపు పాఠకులకు నేను గుర్తుచేయ నక్కరలేదు. క్రేన్లతో లాగి లాగి విసిగిన పిమ్మట అధికారులు విశాఖపట్నమునుండి డైవర్లను రప్పించి, నీటి యడుగున ఆ పడవలను కోయించిరి. గట్టుమీద నిలిచి చూచినవారికి కానవచ్చిన దెల్ల నీటిపైకి లేచు బుడగలే. ఆ ఎఱ్ఱని నీటిలో కన్ను పనిచేయదు. పని యంతయు చేతి తడుములాటయే.

ఆ బుడగలు నాకు మరల మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము వేఱొకటి. ప్రపంచమున పెక్కు తీరములలో, జీతము బత్తెము లేకయే, సెలవుదినమున సిలిండరు వీపున కట్టుకొని సముద్రమున దిగి, జాలరులు పోగొట్టుకొన్న వలలను కోసి పైకి తెచ్చు స్వచ్ఛంద సేవకులు కలరు. వారి పని పడవలు కోసినవారి పనికి సోదరప్రాయమైనదే. కాని మునిగిన పడవ కదలక పడియుండును, మునిగిన వల యట్లుండదు. ఒడయుడు విడిచిపోయినను అది తన పని మానదు. పాశ్చాత్యులు దానికి దయ్యపు వల యని పేరు పెట్టిరి. మన పల్లెలలో 'వల పోయింది' అని యొక్క మాట యని ఊరకుందురు. పోయిన వల ఎచ్చటికి పోయినది, పోయి యేమి చేయుచున్నది?

పూర్వము వల పోయినచో నిజముగానే పోయెడిది. నూలుతోను జనపనారతోను అల్లిన వలను, ఉప్పునీట చీకకుండుటకై తుమ్మచెక్క వంటి వగరు కషాయములో నానవేసి, వేట ముగిసిన ప్రతిదినమును ఇసుకమీద ఆరవేసి, చిరిగిన కన్నులను నీడపట్టున కూర్చుండి మరల అల్లుకొనుచు, పల్లెకారుడు తన యాయువులో ఎంతో భాగము వల కాపుదలకే వెచ్చించెడివాడు. అంత కాపాడినను నిలువని ఆ నూలు, కాపాడువాడు లేక సముద్రమున మిగిలిపోయినచో, సూక్ష్మజీవులకు ఆహారమై కొలది నెలలలోనే మాయమయ్యెడిది. 1935లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలయందు వాలెస్ కేరొథర్స్ అను రసాయనవేత్త నైలానును సృష్టించెను. అది మొదట దంతధావనపు కుంచెలకును స్త్రీల మేజోళ్ళకును వచ్చినదే గాని, యుద్ధానంతరము వలలలోనికి ప్రవేశించి, రెండు మూడు దశాబ్దములలో ప్రపంచపు రేవులనన్నిటిని జయించినది. మన దేశమున 1957లో కొచ్చిన్‌లో స్థాపితమైన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ జాలరులకు పరిచయము చేసిన క్రొత్త వస్తువులలో ఈ కృత్రిమ తంతువుల వలలు ముఖ్యములైనవి.

నైలాను తడిసినను నూలువలె బరువెక్కదు. సన్నని పోగునకు మోటు త్రాటి బలము కలదు. ఒంటిపోగుతో అల్లినచో చేప కంటికి సరిగా ఆనదు. అన్నిటికి మించి, చీకదు. ఏ గుణములు చూచి జాలరి దానిని అప్పుచేసి కొనెనో, ఆ గుణములే అది చేజారిన దినమున దోషములగుచున్నవి. ఇందొక విచిత్రము కలదు. పట్టుపోగులో అణువును అణువుతో కలుపు బంధ మెట్టిదో, నైలానులోని బంధమును అట్టిదే. ఐనను కోట్ల సంవత్సరములుగా పట్టును ఎఱిగిన సూక్ష్మజీవులకు ఈ క్రొత్త పోగును విప్పు తాళపుచెవి యింకను చిక్కలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు మాత్రము దానిని క్రమముగా పెళుసుబార్చగలవు. కాని సముద్రపు టడుగున ఎండ యెక్కడిది? ఆ చలిలో, ఆ చీకటిలో అది మనుష్యుని యాయువును మించి మనును.

గత మాఘపౌర్ణమికి సంగమస్నానమునకై హంసలదీవికి పోయినపుడు, పాలకాయతిప్ప వైపు ఇసుకలో సగము పూడిన యొక వలముద్దను చూచితిని. చూచుటకు గడ్డిమోపంత యున్నది. పాదముతో కదల్చితిని, కదలలేదు. కూర్చుండి పోగులు విడదీయగా మూడు జాతుల వలలు ఒకదానినొకటి పెనవేసికొని యుండెను: ఆకుపచ్చని ప్లాస్టిక్ త్రాటి ట్రాల్ వల తునక యొకటి, వెంట్రుకవంటి తెల్లని ఒంటిపోగు వల రెండవది, ఇంకొకటి నీలిది. ఒక అంచున సీసపు గుండ్లు వరుసగా ఇంకను బిగిసియున్నవి. కన్నులలో పీతకాళ్ళు, కాళ్ళే, దేహము లేదు. త్రాటి పొడుగున మెత్తని కాడల చివర తెల్లని చిప్పలు గుత్తులుగా వ్రేలాడుచుండెను. కాడల బార్నకిల్ అను ఈ జీవి తేలియాడు వస్తువులను పట్టుకొని పెరుగునదే గాని అడుగున బురదలో పుట్టునది కాదు. అనగా ఈ ముద్ద నడిసంద్రమున బహుకాలము తేలి వచ్చినదని దాని యొడలిమీదనే వ్రాసియున్నది. ప్రక్కన తెప్ప కడుగుకొనుచున్న యొక పెద్దాయన నా పరిశోధన కొంతసేపు చూచి నవ్వి, "ముడి చూత్తే తెలవట్లేదా బాబుగారూ, ఇది మా యెంపు వల కాదండి" అనెను. ముడిని చూచి ఊరిని చెప్పు ఆ విద్య ఏ ప్రయోగశాలలో నేర్పుదురు!

తేలుటకును మునుగుటకును కారణము సాంద్రత. సముద్రజలము మంచినీటికంటె కొంచెము బరువు, 1.025, నైలాను 1.14, కావున మునుగును. పాలిథీన్ 0.95, పాలిప్రొపిలీన్ 0.91, కావున తేలును. జాలరి యీ భేదమును బెండ్లతోను సీసపు గుండ్లతోను సరిదిద్దుకొని, వలను తనకు వలసిన లోతున నిలుపును. తెగిన వల ఆ సమతూకమును కోల్పోయి, తేలునది తేలి ప్రవాహము వెంట దేశాంతరము పోవును, మునుగునది మునిగి చేరువనే యుండును. మాల్దీవులలో వలవేట చాలవఱకు నిషిద్ధము. అచ్చటి జాలరులు గాలపు కఱ్ఱతో చూరచేపలు పట్టుదురు. ఐనను ఆ ద్వీపముల యొడ్డుకు వలముద్దలు వచ్చుచునే యున్నవి, వానిలో తాబేళ్ళు చిక్కియుండుటచే 2013లో ఆలివ్ రిడ్లే ప్రాజెక్టు అను సంస్థ అచ్చట పుట్టినది. ఈశాన్య ఋతుపవన కాలమున బంగాళాఖాతపు నీరు సింహళమును దక్షిణముగా చుట్టి పడమరకు ప్రవహించునన్న విషయము తెలిసినవారికి, ఆ వలలలో కొన్ని ఏ దిక్కునుండి వచ్చుచుండునో ఊహించుట కష్టము కాదు.

మునిగిన వల చేయు పని మఱియొక విధము. తెరవలె నిలుచు వలను తీసికొందము. చేప తల దూర్చును, మొప్పల వెనుక పోగు బిగియును. ముందునకు పోలేదు, వెనుకకు రాలేదు. ఒడయుడున్న వల తెల్లవారునప్పటికి పైకి వచ్చును. లేని వలలో చేప అచ్చటనే చచ్చి, చీకి, ఆ వాసనకు పీతలను రప్పించును. పీతలు చిక్కి పెద్దచేపలను రప్పించును. తన యెఱను తానే మార్చుకొను గాలమన్నమాట. ఐతే ఈ కథ చెప్పువారు పలువురు ఆవేశమున ఒక విషయము విడిచిపెట్టుదురు. సమమైన యడుగున పడిన వల కళేబరముల బరువుచేతను, ప్రవాహపు తోపుచేతను, నాచు గుల్లలు పట్టుటచేతను కొలది వారములలోనో నెలలలోనో క్రుంగి, చాపచుట్టయై, పట్టు తగ్గిపోవును. రాతిగుట్టకో మునిగిన ఓడ కొయ్యకో తగులుకొని నిలువునా విప్పారి యుండు వలమాత్రము ఏండ్ల తరబడి చంపును. కావున వలలన్నియు ఒకటి కావు. ఎక్కడ పడినది, ఎప్పుడు పడినది అనునదే ప్రధానము. ఈ రెండు ప్రశ్నలను పాఠకుడు జ్ఞాపకమందుంచుకొన ప్రార్థన; వానితో మనకు మరల పని పడును.

అంకెల విషయమునను ఇట్టి జాగ్రత్తయే వలయును. ఏటేట 6 లక్షల 40 వేల టన్నుల వలలు సముద్రము పాలగుచున్నవని 2009 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక పేర ఎల్లరును చెప్పుదురు. అది పూర్వపు ఉజ్జాయింపును మఱియొక ఉజ్జాయింపుతో గుణించి తీసిన సంఖ్య. అంతకంటె నమ్మదగినది 2022లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వెలువడిన లెక్క. ఆ పరిశోధకులు పలుదేశముల జాలరులనే అడిగి, వాడుకలోనున్న వేట సామగ్రిలో ఏటికి సుమారు 2 శాతము పోవుచున్నదనియు, తెరవలలే 2,963 చదరపు కిలోమీటర్లనియు తేల్చిరి. మన కృష్ణా అభయారణ్యపు విస్తీర్ణము దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. నాగాయలంక నుండి సముద్రము వఱకు పఱచుకొన్న ఆ మడయడవి నంతటిని వలతో కప్పి, అట్లే పదునైదుమార్లు కప్పుటకు చాలునన్నమాట, ఒక్క యేటి నష్టము.

వల యెట్లు పోవును? ఎవడును కోరి పోగొట్టుకొనడు. రాత్రి వేసిన తెరవలమీదుగా మరపడవ ట్రాల్ లాగికొనిపోవుటచే కొంత, అడుగున మునిగియున్న దేనికో తగిలి తెగుటచే కొంత, తుపానుచే కొంత. దివిసీమకు 1977 నవంబరు 19 మఱపునకు రాదు. తరువాత 1990 మే నెల తుపాను, 2010లో లైలా, 2023 డిసెంబరులో బాపట్లవద్ద తీరము దాటిన మిచౌంగ్. తుపాను పిమ్మట పడవల లెక్క, ఇండ్ల లెక్క వ్రాసికొందురు. పోయిన వలలకు పరిహారమైన నడుగుదురు గాని, అవి అడుగున ఎచ్చట నున్నవో అడుగువాడు లేడు.

ఇక డైవర్ల మాట. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గన్యాన్ అను నిరువురు, పీల్చినపుడు మాత్రము గాలి నిచ్చు యంత్రమును నిర్మించినది మొదలు, సామాన్యుడు సయితము నీటి యడుగున స్వేచ్ఛగా తిరుగగలిగెను. నెదర్లాండ్స్ సముద్రములో మునిగిన ఓడలను చూచుటకు దిగు వినోదప్రియులు కొందఱు, ఓడలకంటె వాని కొయ్యలకు వ్రేలాడు వలలే ఎక్కువగా కనబడుటచే, 2009 ప్రాంతమున పాస్కల్ వాన్ ఎర్ప్ అను నతని పూనికతో వలలు కోయ నారంభించిరి. నేడు ఆ ఉద్యమము గోస్ట్ డైవింగ్ అను పేర ఎన్నియో దేశములకు వ్యాపించినది. కేరళలో తిరువనంతపురపు తీరమున ఫ్రెండ్స్ ఆఫ్ మెరైన్ లైఫ్ అను సంఘమువారు జాలరి డైవర్లతో కలిసి ఇట్టి పని చేసిరి. పుదుచ్చేరిలోను, మన విశాఖలో రుషికొండవద్దను స్కూబా శిక్షకులు దిగి, ప్లాస్టిక్ చెత్తను ఏరి తెచ్చుచున్నారు.

చెప్పుటకు తేలిక, చేయుటకు లెక్క కలదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు టొత్తిడి చేరును. 20 మీటర్ల లోతున మొత్తము మూడు. 12 లీటర్ల సిలిండరును 200 వాయుమండలముల యొత్తిడితో నింపినచో అందు 2,400 లీటర్ల గాలి యుండును. గట్టుమీద నిమిషమునకు 20 లీటర్లు పీల్చువాడు అచ్చట 60 పీల్చును. అనగా 40 నిమిషములు. ప్రాణరక్షణకై నాలుగవవంతు మిగిల్చుకొనవలెను గావున 30. వల కోయుట కూలిపని. ఆయాసపడినచో ఆ 30 కూడ 20 అగును. ఈలోగా నెత్తుటిలో కరగిన నత్రజని, సోడాసీసా మూత ఒక్కసారి తీసినపుడువలె పొంగకుండుటకై, నెమ్మదిగా పైకి రావలెను. ఇదంతయు ఒక యెత్తు, వల యొక యెత్తు. చేపను పట్టిన కన్ను మనుష్యుని విడిచిపెట్టునా? సిలిండరు మరలకో, కాలి రెక్క పట్టీకో పోగు తగిలినచో, చూచుకొనుటకు తల వెనుకకు తిరుగదు. అందుచేత ఒంటరిగా దిగరు, జతగానే దిగుదురు. ఒక చేతికి అందనిచో రెండవ చేతికి అందునట్లు రెండు చోటుల రెండు కత్తులుంచుకొందురు.

కోసిన వలను మోసికొని రారు. నైలాను నీటిలో తన బరువులో దాదాపు పదవవంతే తూగును, 100 కిలోలది 10 కిలోలు. కాని బురద, గుల్లలు, సీసము చేరి ఆ లెక్కను తలక్రిందులు చేయును. అందుకు గాలిసంచి కలదు. క్రింది మూతి తెరచియున్న గట్టి సంచిని వలకు కట్టి, సిలిండరు గాలిని అందులోనికి వదలుదురు; లీటరు గాలి లీటరు నీటిని త్రోసి, సుమారు కిలో బరువును లేపును. 20 మీటర్లవద్ద 30 లీటర్ల గాలి నింపినచో, పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి, నీటిమట్టము చేరునప్పటికి అది 90 లీటర్లగును. సంచి ఉబ్బినకొలది వేగము, వేగము హెచ్చినకొలది ఉబ్బు! తెరచిన మూతినుండి అదనపు గాలి జారిపోవునట్లు చేయకున్నచో సంచి బాణమువలె లేచి, ప్రక్కనున్నవానిని వలతోపాటు ఎత్తుకొనిపోగలదు. పగడములు పెరిగి, చిన్నచేపలు కాపురముండు పాతవలను తెలిసిన డైవర్ లాగడు. ప్రాణము లేని పోగులను కత్తిరించి తక్కినదానిని అట్లే విడుచును. లాగివేయుటకంటె విడిచిపెట్టుటకు ఎక్కువ విద్య కావలెను. పైకి వచ్చిన నైలానులో శుభ్రమైనదానిని రసాయనికముగా విడగొట్టి మరల పోగుగా తీయు కర్మాగారము స్లొవేనియా దేశమున కలదు. మనయొద్ద పాతవల దడి కట్టుటకు, కోళ్ళగంపపై కప్పుటకు, రొయ్యల చెరువుమీద పిట్టలు వ్రాలకుండుటకు పోవును. ఇదియు పునర్వినియోగమే, దీనికి పేరు మాత్రము రాలేదు.

ఇంత చెప్పిన పిమ్మట కృష్ణ మొగలవద్ద ఈ విద్య దాదాపు నిష్ప్రయోజనమని చెప్పవలసివచ్చుట నాకును కష్టముగానే యున్నది. రుషికొండవద్ద అడుగున రాళ్ళు, నీరు కొన్ని మాసములు తేట. నాచుగుంటవద్దను ఎలిచెట్లదిబ్బవద్దను యుగములనుండి నది తెచ్చిపోసిన ఒండ్రు. పోటు పాటులకు అది లేచి నీరు మజ్జిగవలె నుండును. అచ్చట డైవర్ తన చేతిని తాను చూచుకొనలేడు. కనబడని నీటిలో కనబడని వలను వెదకుట సాహసము కాదు, తెలివితక్కువ. బ్యారేజివద్ద కోసినవారికి పడవ యెచ్చట నున్నదో ముందే తెలియును.

ఐతే మన ఇండ్లలో నూతిలో చేద పడినపుడు ఎవరిని దింపెడివారము? పాతాళభేదిని దింపెడివారము. నాలుగు వైపుల కొక్కెములు గల ఆ యినుప గుత్తిని త్రాటికట్టి, చేద పడినచోట నెమ్మదిగా త్రిప్పినచో, చూడనక్కరలేకయే తగులుకొని వచ్చెడిది. పడవ వెనుక పెద్ద పాతాళభేదిని ఈడ్చుచు వలలను పైకి తీయు పద్ధతి ప్రపంచమున పలుచోట్ల జరుగుచున్నదే. నూతికిని సముద్రమునకును భేదమొక్కటి: నూతిలో చేద పడినచోటు మనకు తెలియును. సముద్రమున ఆ చోటు పోగొట్టుకొన్నవానికే తెలియును. ఎక్కడ, ఎప్పుడు: మనము జ్ఞాపకముంచుకొన్న ప్రశ్నలివియే. ఆ రెంటికిని జవాబు జాలరి నోటనున్నది, ఇప్పుడు వాని పడవలోని జీపీఎస్‌లో కూడ నున్నది. వల చాలచేపలను చంపునది మొదటి వారములలోనే గావున, ఆ జవాబు ఆ వారములలోనే వెలికిరావలెను.

తేలి వచ్చు ముద్దల సంగతి వేఱు. అవి మడచెట్ల ఊపిరివేళ్ళకు చుట్టుకొనును, లేదా నాకు హంసలదీవిలో కనబడినట్లు గుడ్లు పెట్టు ఇసుకలో పూడును. జనవరినుండి వేసవి మొదలగువఱకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరమెక్కి, ఒక్కొక్కటి నూఱు గుడ్లకు అటునిటుగా పెట్టిపోవును. అటవీశాఖవారు వానిని నక్కలనుండి, కుక్కలనుండి కాపాడి, కంచె వేసిన ఇసుకలో పూడ్చి, 45 మొదలు 60 దినములలో వెలువడిన పిల్లలను నీటిలో విడుచుచున్నారు. తాబేలునకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులే. వలలో మెడ చిక్కినచో అది మనవలెనే ఊపిరాడక చచ్చును. ఈ ముద్దలను తీయుటకు సిలిండరు అక్కరలేదు. పాటువేళ, మోకాటిలోతు బురదలో నడచుటకు సిద్ధపడిన పదిమంది, నాలుగు కొడవళ్ళు చాలును. బెజవాడ కళాశాలల విద్యార్థులకు అవనిగడ్డ మీదుగా బస్సు కలదు. తాబేళ్ళు మెట్టకెక్కు మాసములకు ముందే, అటవీశాఖ అనుమతి పొంది పోవలెను.

అడుగున నున్నవానికి మాత్రము గిలకలదిండిలోను నిజాంపట్నములోను ఒక్కొక్క పుస్తకము కావలెను: వల పోయిన తేది, చోటు, లోతు. పేరు వ్రాయనక్కరలేదు, పేరడిగినచో ఎవడును చెప్పడు. నిషేధకాలమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు మరపడవలన్నియు ఖాళీగా రేవున కట్టివేయబడియుండును. చోటు తెలిసినవాడును ఆ రేవులోనే యుండును. మత్స్యశాఖ అనుమతించి, డీజిలు ఖర్చు పెట్టుకొన్నచో, పాతాళభేదిని చేయుటకు మన కమ్మరికి ఒక పూట పని.